టీకా లేని కొట్టం

వెంకటగిరియప్పకు లోకంలో ఎవరి మీదా పగ లేదు, ఒక్క సొన్నప్ప మీద తప్ప. సొన్నప్ప చేసిన అపకారం ఏమిటని అడిగితే చెప్పడానికి ఒక్కటీ దొరకదు. గట్టు జరపలేదు, గొడవకు రాలేదు, వెనకాల చాడీలు చెప్పలేదు. చేసిందల్లా పక్క కొట్టంలో పనికి చేరడం. ఆ కొట్టంలో దూడలు బతికాయి, ఈ కొట్టంలో దూడలు చచ్చాయి. అంతకంటే పెద్ద నేరం ఇంకేం కావాలి?

గిరియప్పది హొసకోటె పక్క పల్లె. వాళ్ళింటి మగవాళ్ళకు చెయ్యి మంచిదని పేరు. ఆ చుట్టుపక్కల ఎవరు కొత్తగా ఆవును కొన్నా, దాన్ని నేరుగా కొట్టంలోకి తోలేవారు కాదు. వాకిట్లో నిలబెట్టి, గిరియప్ప తాతకో నాన్నకో కబురు పంపి, మొదటి పలుపు వాళ్ళ చేతనే కట్టించేవారు. ఆ ఆవు ఈనిన రోజు మొదటి జున్నుపాలు ముంతలో పోసి వాళ్ళింటికి పంపేవారు. గిరియప్ప చిన్నప్పుడు జున్ను తిని తిని విసుగెత్తి, గుమ్మంలో ముంత కనిపిస్తే పెరట్లోకి పారిపోయేవాడట. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి తన చెయ్యి మీద కాస్త గర్వం ఉండడం వింతేమీ కాదు. గిరియప్పకు కాస్త కాదు, బాగానే ఉండేది.

డెబ్భై నాలుగులో అతనికి బెళ్ళందూరు చెరువుకు ఇవతల ఉన్న పశువుల టీకాల కేంద్రంలో పని దొరికింది. అప్పుడు అక్కడ రాగి చేలు, చెరువు, వాటి మధ్య తెల్లసున్నం కొట్టిన నాలుగు షెడ్లు. ప్రభుత్వం ఊరూరా సీమావుల్ని ఇస్తున్న కాలమది. నాటు ఆవు పూటకు చెంబెడు పాలిస్తే సీమావు బిందెడు ఇచ్చేది. కానీ పిడుదులు పట్టాయంటే నాటు ఆవు తోక ఊపుకుని ఊరుకునేది, సీమావు జ్వరంతో కూలబడేది. పిడుదు నోట్లోంచి ఒక పురుగు రక్తంలోకి దిగుతుంది, కంటికి కనపడనంత చిన్నది. గొంతు దగ్గర గడ్డలు లేస్తాయి, కళ్ళు పాలిపోతాయి, మూడు వారాలు తిరక్కుండానే పశువు పోతుంది. కేంద్రంలో డాక్టర్ చంద్రశేఖర్ ఆ పురుగునే సీసాల్లో ఏళ్ళ తరబడి పెంచి, దాని పొగరు అణిచి, దాంతోనే టీకా చెయ్యాలని కూర్చున్నాడు.

టీకాను పరీక్షించాలంటే పుట్టిన దగ్గర్నుంచి ఒక్క పిడుదు కూడా కుట్టని దూడలు కావాలి. వాటిని సాకడమే గిరియప్ప పని. కాళ్ళు కడుక్కోనిదే కొట్టంలోకి ఎవర్నీ రానిచ్చేవాడు కాదు, డాక్టర్‌నైనా సరే. గడ్డిని ఎండలో పరిచి, పోచ పోచా దులిపి వేసేవాడు. తల్లిని వదిలి వచ్చిన పసిదూడకు పాలు పట్టడంలో అతన్ని మించినవాడు లేడు. ఇదంతా సొన్నప్ప రాకముందు సంగతి.

సొన్నప్ప డెబ్భై తొమ్మిదిలో వచ్చాడు. అగర ఊరివాడు, గిరియప్ప కంటే పదేళ్ళు చిన్న, ఎప్పుడు చూసినా నవ్వు ముఖం. పేడ ఎత్తుతూ కూడా పాడేవాడు. గొంతు బాగుంటే గిరియప్ప ఇంకా కుళ్ళుకునేవాడు గాని, దేవుడి దయవల్ల అది అంత బాగుండేది కాదు. అదే ఏడు టీకా మొదటి పరీక్షలకు సిద్ధమైంది. గిరియప్ప సాకిన దూడల్ని డాక్టర్ రెండు జట్లు చేశాడు. టీకా వేసినవి సొన్నప్ప కొట్టానికి వెళ్ళాయి. పోల్చి చూడడానికి టీకా వెయ్యకుండా ఉంచినవి గిరియప్ప కొట్టంలోనే ఉండిపోయాయి. కొన్ని వారాలు పోయాక అన్నింటి చెవులకూ గుడ్డ సంచులు తొడిగి, లోపల జబ్బు మోసే పిడుదుల్ని వదిలారు.

గిరియప్ప దూడలు చచ్చాయి. సొన్నప్పవి గంతులేశాయి.

డాక్టర్ ఆనందం పట్టలేక సొన్నప్ప భుజం తట్టాడు. ఫోటో తీసేవాణ్ణి పిలిపించి, బతికిన దూడల్ని వరసగా నిలబెట్టి, మధ్యలో సొన్నప్పను నిలబెట్టి ఫోటో తీయించాడు. గిరియప్ప ఆ సమయానికి కొట్టం వెనక గుంతలో సున్నం చల్లుతున్నాడు. చప్పట్లు అక్కడికి కూడా వినిపించాయి. చచ్చిన దూడను పూడ్చినవాణ్ణి ఫోటోకు ఎవరు పిలుస్తారు? పిలవరు. అది తెలిసి కూడా అతను పార విసిరికొట్టాడు.

ఒకసారితో అయిపోయి ఉంటే మరిచిపోయేవాడేమో. మందు మోతాదు మార్చినప్పుడల్లా మళ్ళీ పరీక్ష పెట్టేవారు. పెట్టిన ప్రతిసారీ ఇదే వరస. ఆ దూడలు చావడానికే ఉన్నాయని గిరియప్పకు తెలియక కాదు, డాక్టర్ మొదటి రోజే విడమరిచి చెప్పాడు. తెలిసినా కడుపు మంట తగ్గదు కదా. డాక్టర్ ఏరి ఏరి పుష్టిగా ఉన్నవి సొన్నప్పకిచ్చి, బక్కవి తనకు వదులుతున్నాడని అతని అనుమానం. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు కూడా.

"సార్, మంచి దూడలన్నీ సొన్నప్పకే పోతాండాయి. నాకొకటన్నా ఇయ్యగూడదా?"

డాక్టర్ నవ్వి, "అన్నీ నువ్వు సాకిండేవే కదప్పా, మంచివేవి చెడ్డవేవి?" అని వెళ్ళిపోయాడు. ఆ నవ్వును గిరియప్ప నెల రోజులు తలుచుకుని మండిపడ్డాడు.

కొట్టంలో మంట కొట్టంలోనే ఆగిపోయినా బాగుండేది, అది ఊళ్ళోకి పాకింది. కేంద్రంలో పాలు పోసే మునివెంకటమ్మ రెండు కొట్టాలూ రోజూ చూసేది. టీకా సంగతి ఆమెకు ఎంత అర్థమైందో ఏమో గాని, సొన్నప్ప ముట్టుకున్న దూడ బతుకుతుంది, గిరియప్ప ముట్టుకున్నది చస్తుంది, ఇది మాత్రం బాగా అర్థమైంది. పాలు పోసిన ప్రతి ఇంట్లోనూ ఆ మాట కూడా పోసి వచ్చింది. రెండేళ్ళలో కొత్త ఆవుకు పలుపు కట్టడానికి జనం సొన్నప్పను పిలవడం మొదలుపెట్టారు. జున్ను ముంతలు సొన్నప్ప ఇంటికి నడిచాయి. చిన్నప్పుడు జున్ను చూసి పారిపోయిన గిరియప్ప, ఇప్పుడు సొన్నప్ప టిఫిన్ డబ్బా మూత తీస్తే చాలు, అందులో జున్ను ఉందేమోనని ఓరకంట చూసేవాడు. ఉండేది. పైగా సొన్నప్ప సగం విరిచి, "తినన్నా" అని చేతిలో పెట్టేవాడు. గిరియప్ప తినేవాడు. తింటూ మనసులో తిట్టుకునేవాడు.

ఎనభై నాలుగులో గిరియప్ప భార్య పాపక్క ఇంటికి ఒక సీమ పెయ్యను తెచ్చింది. తన పుట్టింటివాళ్ళు ఇచ్చిన పెయ్య, ఎర్రగా నిగనిగలాడుతోంది. గిరియప్ప పెట్టె అడుగు నుంచి నాన్న వాడిన నార పలుపు తీసి, తడిపి, మెత్తగా తోమి ఆరేశాడు. పాపక్క అది చూసి కాసేపు తటపటాయించి చెప్పింది.

"సొన్నప్పన్నకు చెప్పి పంపినా. పొద్దున్నే వస్తాడు. నువ్వేమీ అనుకోవద్దు."

"ఏమిటికి?"

"పలుపు కట్టేకి."

"నేను చచ్చినానా ఇంట్లో?"

"చచ్చేది నువ్వు కాదయ్యా, దూడలు. నీ కొట్టంలోకి పోయి తిరిగొచ్చింది ఒగటన్నా ఉండాదా? ఊరంతా చెప్పుకుంటాండారు."

"వాటికి టీకా ఏయరు కదే! చూసేకని పెట్టింటారు వాటిని!"

"నాకు తెలుసు. ఆవుకు తెలుసా?" అంది పాపక్క.

పొద్దున సొన్నప్ప కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. గిరియప్పను చూడగానే అతని ముఖం చిన్నబోయింది. "అన్నా, నువ్వుండంగ నేను కట్టేది బాగుండదప్పా" అన్నాడు. "కట్టప్పా, కట్టు. నీది బంగారు చెయ్యి కదా" అన్నాడు గిరియప్ప. గిరియప్ప నాన్న పలుపునే సొన్నప్ప పెయ్య మెడకు వేసి ముడి బిగించాడు. పాపక్క హారతి పట్టింది. గిరియప్ప గోడకు ఆనుకుని, ఆ ముడి వదులుగా ఉందా అని చూశాడు. గట్టిగానే ఉంది. సొన్నప్ప ఇంటిదాకా వచ్చాడు, ఇక మిగిలిందేమిటి?

ఆ నెలలోనే పెద్ద పరీక్ష మొదలైంది. ఇది గట్టెక్కితే టీకా ఊళ్ళకు వెళ్తుందని డాక్టర్ చెప్పాడు. చూడడానికి ఢిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారు. సొన్నప్ప కొట్టంలో టీకా వేసిన దూడలు నిండా ఉన్నాయి. గిరియప్ప కొట్టంలో వెయ్యనివి మూడు. సొన్నప్పకు అప్పుడే కొత్త ఖాకీ చొక్కా కుట్టించారు, ఫోటో కోసం. గిరియప్పకు పార సిద్ధంగా ఉంది.

చెవులకు సంచులు తొడిగి పిడుదుల్ని వదిలిన మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళారు. గిరియప్ప వెళ్ళలేదు. పిడుదు కుట్టగానే జబ్బు ఎక్కదని, రెండు మూడు రోజులు రక్తం తాగాకే దాని ఉమ్మిలో పురుగు పక్వానికి వస్తుందని డాక్టర్ ఒకప్పుడు అతనికి చెప్పాడు. ఆ మాట అతని బుర్రలో ఉదయం నుంచి తిరుగుతోంది. జబ్బు లేని పిడుదుల్ని కుందేళ్ళ చెవుల మీద పెంచే గది కూడా అతని చేతికిందే ఉంది. తాళం తీశాడు, సీసా తెచ్చాడు. మొదటి దూడ చెవుల సంచులు విప్పి, కరుచుకున్న పిడుదుల్ని ఒక్కొక్కటే పట్టకారుతో తీసి నిప్పుల్లో వేశాడు. వాటికి బదులు సీసాలోని మంచి పిడుదుల్ని వదిలి సంచులు బిగించాడు. ఒక్క దూడతో సరిపెట్టుకుందామనే అనుకున్నాడు. పక్కనున్న రెండూ మెడలు చాచి అతని చొక్కా నాకడం మొదలుపెట్టాయి. ఇక ఒకదానికి చేసి రెండింటిని వదలడం అతని వల్ల కాలేదు.

దూడల మీద జాలితో చేశాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. జాలి ఉంది, లేదనను. కానీ అన్నేళ్ళుగా చచ్చిన దూడల మీదా అతనికి జాలి ఉండేది, అప్పుడెప్పుడూ తాళం తియ్యలేదు. ఈసారి చేతులు ఆడించింది మెడలో పలుపుతో నిలబడ్డ ఆ ఎర్ర పెయ్యే.

వారం గడిచింది. దూడలకు జ్వరం లేదు. రెండు వారాలు గడిచాయి. గొంతు దగ్గర గడ్డ లేదు, మేత మానలేదు. డాక్టర్ పొద్దునా సాయంత్రం వచ్చి థర్మామీటర్ పెట్టి చూసి పోయేవాడు. మూడో వారం చివర మూడు దూడలూ కొట్టంలో తోకలెత్తి పరుగులు పెట్టాయి. గిరియప్ప వాటిని కావాలనే ఆవరణలోకి తోలి, మునివెంకటమ్మ పాలు తెచ్చే వేళకు ఆమె కళ్ళముందు నడిపించాడు. మునివెంకటమ్మ బిందె దింపి నోరు తెరిచింది. "ఏందప్పా ఇది, నీ దూడలు బతికుండాయే!" అంది. ఆ మాట అతనికి చెవుల్లో తేనె పోసినట్టయింది. సొన్నప్ప పరుగున వచ్చి అతన్ని కావిలించుకున్నాడు. వాడికి నిజంగానే సంతోషం. వాడు ఏడ్చి ఉంటే గిరియప్పకు ఇంకా బాగుండేది.

సాయంత్రం డాక్టర్ వచ్చి గడ్డిమోపు మీద కూర్చున్నాడు. ముఖం వాడిపోయి ఉంది.

"సంతోషంగా ఉండాదా, గిరియప్పా?"

"ఉండాది సార్. ఈసారి నా దూడలు కూడా బతికినాయి."

"నీవి బతికినాయి. సొన్నప్పవీ బతికినాయి. అట్లయితే టీకా వల్ల బతికినాయని నేనెట్లా చెప్పేది? పెద్దలు ఒకే మాట అనేసి పోయినారు. పిడుదుల్లో జబ్బే లేదు, ఈ పరీక్ష లెక్కలోకి రాదు అని. వాళ్ళ మాట తప్పు కాదు." డాక్టర్ గిరియప్ప కొట్టంవైపు చూశాడు. "ఇన్నేండ్లూ అందరూ సొన్నప్ప కొట్టం చూసి చప్పట్లు కొట్టినారు. టీకా పనిచేస్తాదని చెప్పింది మాత్రం నీ కొట్టమే. నీ దూడలు పోకుంటే సొన్నప్ప కొట్టానికి విలువే లేదప్పా."

అయిదేళ్ళుగా గిరియప్ప వినాలనుకున్న మాట అది. దాన్ని పాడుచేసుకున్నాక విన్నాడు.

"మళ్ళా చేస్తారా సార్?"

"చెయ్యకుంటే ఎట్లా? కొత్త దూడల్ని పసికందులప్పటినుంచి సాకల్ల. ఏడాది పడతాది. ఈ ఎండాకాలం గూడా ఊళ్ళల్లో సీమావులు పోతాయి, మనం చూస్తా ఉండేదే. ఈ మూడిటిని మళ్ళా వాడుకునేకి లేదు, పశువుల ఫారానికి పంపించేద్దాం."

గిరియప్ప నోరు తెరిచాడు. చెప్పేద్దామనే తెరిచాడు. పని పోతుందన్న భయం కాదు అతన్ని ఆపింది. చెబితే సొన్నప్పకు తెలుస్తుంది. నన్ను చూసి ఓర్వలేక గిరియన్న ఇంత పని చేశాడా అని వాడు జాలిపడతాడు. ఆ జాలిని భరించడం కంటే నాలుక కోసుకోవడం మేలనిపించింది. "ఏమప్పా?" అన్నాడు డాక్టర్. "ఏమీ లేదు సార్" అన్నాడు గిరియప్ప. ఆ రోజు నుంచి ఇంటికి వెళ్ళగానే చొక్కా కూడా విప్పకుండా ఎర్ర పెయ్య చెవులు, పొదుగు, తోక కింద వెతికి పిడుదులు ఏరడం మొదలుపెట్టాడు. ఇంత మమకారం ఎప్పుడు పుట్టిందో పాపక్కకు అర్థం కాలేదు.

కొత్త దూడలు వచ్చాయి. ఈసారి పన్నెండు. పోల్చడానికి మూడు చాలవు, ఆరు ఉండాలని పెద్దలు పట్టుబట్టారు. అన్నింటినీ గిరియప్పే సాకాడు. పేర్లు పెట్టకూడదని అక్కడి నియమం, చెవికి నంబరు బిళ్ళలే. అయినా గోడ సున్నం నాకేదేదో, ఉరుముకు బెదిరి అతని కాళ్ళ మధ్య దూరేదేదో, నీళ్ళ తొట్టిలో మూతి ముంచి బుడగలు వదిలేదేదో అతనికి తెలుసు. టీకా వేసే రోజు దగ్గరపడింది. ఒకసారి సొన్నప్పను పక్కకు పిలిచి, "ఈ తూరి నువ్వు నా కొట్టంలో ఉండప్పా, నేను నీ దాంట్లో ఉంటా" అన్నాడు. సొన్నప్ప వెనక్కి జరిగాడు. "నాకు అంత గుండె లేదన్నా" అన్నాడు.

టీకా వేసే ఉదయం ఢిల్లీ పెద్దలు కుర్చీల్లో కూర్చున్నారు. ఏ దూడ ఏ కొట్టానికి పోవాలో డాక్టర్ ఎంచకూడదని వాళ్ళ కొత్త షరతు, చీటీలు వేసి తీయాలట. డాక్టర్ నంబర్లు రాసిన చీటీలు మడిచి ఒక డబ్బాలో వేసి కలిపాడు. మొదట వచ్చిన ఆరు టీకా లేనివి. సొన్నప్ప ఖాకీ చొక్కా సర్దుకుని ముందుకు వచ్చాడు, చీటీలు తీసేది తనేనని అనుకున్నాడు పాపం. డాక్టర్ అతన్ని దాటి వచ్చి గిరియప్ప చెయ్యి పట్టుకున్నాడు.

"ఈ దూడలన్నిటినీ సాకింది ఈయన. ఇంత శుభ్రంగా పెంచేవాడు మనకు ఇంకొకడు లేడు. చీటీలు ఈయనే తీయల్ల" అని అందరికీ వినిపించేలా అన్నాడు. పెద్దలు చప్పట్లు కొట్టారు. ఫోటో తీసేవాడు కెమెరా అతనివైపు తిప్పాడు.

గిరియప్ప మొదటి చీటీ తీసి విప్పాడు. అది బుడగలు వదిలే దూడ నంబరు. పైకి చదివాడు. డాక్టర్ రాసుకుని, "ఊఁ, ఇంకొకటి" అన్నాడు.

గిరియప్ప తలెత్తాడు. ఎదురుగా సొన్నప్ప నిలబడి ఉన్నాడు. ముఖంలో నవ్వు లేదు. పెదవి బిగించి, డాక్టర్ పట్టుకున్న ఆ చేతివైపు, తనవైపు తిరగని కెమెరావైపు చూస్తున్నాడు. ఆ చూపు ఏమిటో గిరియప్పకు ఒకరు చెప్పక్కర్లేదు, ఇన్నేళ్ళూ తన ముఖాన ఉన్నది అదే. సొన్నప్ప ముఖంలో దాన్ని ఒక్కసారైనా చూడాలని ఎంత కోరుకున్నాడో.

వెంకటగిరియప్ప డబ్బాలో మళ్ళీ చెయ్యి పెట్టాడు.